గుడ్లగూబ పెట్టెకు టీకా తాత్పర్యం

టీక రాయడం తెలుగు నేలకు కొత్త కాదు. మెదక్ జిల్లా కొల్చారం ఊరిని ఇంటిపేరులో నిలుపుకున్న కోలాచల మల్లినాథసూరి, కాళిదాసు మేఘానికే మాటమాటకూ అర్థం చెప్పాడు. మేఘం కదిలేదీ గాలితోనే. కాబట్టి గాలి విసిరే ఒక ప్లాస్టిక్ చక్రం మీద ఈ కాలపు టీకాకారుడొకడు వ్యాఖ్యానానికి పూనుకుంటే సంప్రదాయం పెద్దగా నొచ్చుకోదు.

ఆయన ఎంచుకున్న మూలం, ఆస్ట్రియాకు చెందిన నాక్టువా కంపెనీ అమ్మే ఎన్‌ఎఫ్-ఎస్12ఏ అనే కంప్యూటర్ ఫ్యాను వివరాలు. కృతి చిన్నది, క్రియాపదం ఒక్కటీ లేదు:

120×120×25 మి.మీ. – 1200 ఆర్‌పీఎం – గంటకు 107.5 ఘనపు మీటర్లు – 1.19 మి.మీ. నీరు – 17.8 డీబీఏ – నాలుగు పిన్నులు.

మంగళాచరణం పెట్టె మీది కంపెనీ గుర్తు రూపంలో ఉంది: గుడ్లగూబ. మన ఊళ్లలో అది ఇంటి మీద వాలితే శాంతి చేయించేవాళ్లున్నారు. ఈ కర్త మాత్రం దాన్నే ఇష్టదైవంగా నిలుపుకున్నాడు. కారణం లేకపోలేదు. గుడ్లగూబ రెక్కల ముందంచు ఈకలు రంపపు అంచులా ఉండి గాలి సుడులను చిన్నచిన్నవిగా చీల్చేస్తాయి. అందుకే నెత్తిమీదికి వచ్చేదాకా దాని రాక ఎలుకకు తెలియదు.

శాస్త్రమన్నాక విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు చెప్పాలి. విషయం, టీవీ బల్లలో కూర్చుని సినిమాలు ఆడించే కంప్యూటరును చప్పుడు కాకుండా చల్లబరచడం. ప్రయోజనం తెలియాలంటే సింగీతం శ్రీనివాసరావు 1987లో తీసిన ‘పుష్పక విమానం’ పెట్టుకుని చూడాలి. ఆ సినిమాలో మాటలుండవు. తెర మీద ఎవరూ నోరు విప్పకపోయినా టీవీ బల్లలోంచి ఒకటే గుయ్‌మని మోత వస్తుంటే, సంభాషణల రచయితకు లేని పని ఫ్యానుకు దొరికినట్టవుతుంది. సంబంధం చెప్పనక్కర్లేదు, ఫ్యానుకూ చెవికీ మధ్య ఉన్నది మూడు మీటర్ల గది. ఇక అధికారి, అంటే ఈ చదువుకు అర్హుడు, ఆ మోత వినబడేవాడు. వినబడనివాళ్లది పూర్వపక్షం. “సౌండు ఇంకాస్త పెంచుకోరాదురా నాయనా” అని అమ్మ అంటుంది. సమాధానం: గుసగుసల కోసం పెంచిన సౌండు ఫైటింగ్ సీను వచ్చేసరికి పై వాటావాళ్లను లేపుతుంది.

ఇక ప్రతిపదార్థం. ‘120’ అనగా ఫ్రేము పక్క కొలత. కొనేవాడు దీన్ని పెట్టెలో పడుతుందా లేదా అని చూసుకోవడానికే వాడతాడు గానీ, చప్పుడు సంగతి సగం ఇక్కడే తేలిపోతుంది. ఒకే పోలికలో చేసిన ఫ్యాన్లలో, ఒకే వేగం మీద వీచే గాలి వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 80 మి.మీ. కన్నా 120 ఒకటిన్నర రెట్లు. దాని ఘనం మూడుకు పైమాట. కాబట్టి 80 మి.మీ. ఫ్యాను నిమిషానికి 2700 చుట్లు తిరిగి చేసే పనిని 120 మి.మీ. ఫ్యాను 800 చుట్లతో చేస్తుంది. ఫ్యాన్ల సూత్రాల లెక్కలో చప్పుడు సుమారు 14 డెసిబెల్స్ తగ్గుతుంది. దృష్టాంతం కావాలంటే తల పైకెత్తితే చాలు. ఇంటి కప్పుకు వేలాడేది 1200 మి.మీ. ఫ్యాను, దీనికి సరిగ్గా పది రెట్లు. నాలుగు వందల చుట్లకు లోపే తిరుగుతూ గదిని మొత్తం ఆడిస్తుంది.

‘1200’ అనగా నిమిషానికి గరిష్ఠంగా తిరిగే చుట్లు. టీకాకారుడి దృష్టిలో మూలానికి ప్రాణం ఈ పదం. వేగాన్ని సగం చేస్తే గాలి సగమవుతుంది, ఒత్తిడి పావు వంతవుతుంది, చప్పుడు మాత్రం 15 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగమైనట్టు తోస్తుంది కనుక ఇది మంచి బేరం. సగం గాలి చాలుతుందా అని శంక. సినిమా ఆడించే కంప్యూటరు 65 వాట్ల వేడి పుట్టిస్తోందనుకుందాం. ఆ వేడిని, లోపలికి వచ్చిన గాలి కన్నా పది డిగ్రీలు మాత్రమే వెచ్చగా బయటికి మోసుకుపోవాలంటే గంటకు సుమారు 20 ఘనపు మీటర్ల గాలి కావాలి. మూలంలో ఉన్నది 107.5. అందులో ఇది అయిదో వంతు కూడా కాదు. చాలా ఇళ్లలో ఫ్యాన్లు గోల పెట్టేది పని ఎక్కువై కాదు, వేగం తగ్గించుకోమని మదర్‌బోర్డు సెట్టింగుల్లో ఎవరూ చెప్పక.

ఆ ‘107.5’నే సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి ఘనపు అడుగుల, లెక్కలో 63.3 అని కూడా రాస్తారు. ఇది పునరుక్తి, కొలత మారిందే గానీ గాలి పెరగలేదు. ఇక్కడ ‘ఎదుట అడ్డేమీ లేనప్పుడు’ అనే మాటను అధ్యాహారం చేసుకోవాలి. జాలీ, దుమ్ము ఫిల్టరు, హీట్‌సింకు రేకులు అడ్డొచ్చాక ఈ అంకె నిలవదు.

‘1.19 మి.మీ. నీరు’ దగ్గరే చాలామంది చదువరులు జారిపోతారు. అడ్డు ఎదురైనప్పుడు ఫ్యాను గాలిని ఎంత బలంగా నెట్టగలదో చెప్పే కొలత ఇది. ఆ ఒత్తిడి ఎన్ని మిల్లీమీటర్ల నీటిని నిలబెట్టగలదన్న లెక్కలో చెబుతారు. 2018లో ఇదే కంపెనీ తెచ్చిన ఎన్‌ఎఫ్-ఏ12×25ను పక్కన పెట్టి చదివితే విరోధాభాసం కనిపిస్తుంది. అది 2000 చుట్లు తిరుగుతూ 102.1 ఘనపు మీటర్లే వీస్తుంది. ఇది 1200 చుట్లతోనే 107.5 వీస్తోంది. మరి ఎక్కువ ధర పెట్టి దాన్నెందుకు కొంటారు? దాని ఒత్తిడి 2.34, అంటే దాదాపు రెట్టింపు. మట్టసమైన బాట మీద ఉరికే ఎద్దు బురద చేలో కాడి లాగాలని లేదు. వెనక వైపు బాగా తెరిచి ఉన్న డబ్బాలో గాలిని బయటికి పంపడానికి మూలంలోని ఫ్యాను హాయి. దట్టమైన రేకుల వెనకో, సన్న జాలీ వెనకో పెడితే రెండోదానికే ఓటు.

‘17.8 డీబీఏ’. కొనేవాడి కన్ను మొదట పడేది దీని మీదే. టీకాకారుడు అతి తక్కువ విలువ ఇచ్చేదీ దీనికే. నిద్ర చెడకుండా పడకగదిలో 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. దానికి ఇంత దిగువనున్న అంకెల్లో ఒకటి అటూ ఇటూ అయితే గది చెప్పదు. పైగా అందరి కొలతా ఒక్కటి కాదు. ఆర్కిటిక్ కంపెనీ తన పీ12 ఫ్యానుకు 0.3 సోన్ అని వేరే కొలమానమే అచ్చు వేస్తుంది. దీన్ని పాఠాంతరంగా గ్రహించాలి. డెసిబెల్ చెప్పనిది స్వరం. ఏడు రెక్కల ఫ్యాను 1200 వేగంలో తిరిగితే రెక్కలు సెకనుకు 140 సార్లు ఫ్రేము కమ్మీలను దాటిపోతాయి. ఆ 140 హెర్ట్జ్ ఒక శ్రుతిగా వినిపించవచ్చు. పక్కనే ఇంకో ఫ్యాను 137లో పాడితే సెకనుకు మూడుసార్లు ఊగే ఊం-ఊం పుడుతుంది. సోఫాలో మనిషిని కదిలించేది అదే, సరాసరి అంకె కాదు.

నాలుగో పిన్ను వేగాన్ని ఆజ్ఞాపించేది. ఇంటెల్ నిర్దేశం ప్రకారం ఆ ఆజ్ఞ సెకనుకు 25,000 సార్లు కొట్టుకుంటుంది. మనిషి చెవి హద్దు 20,000 కనుక వినబడదు. మూడు పిన్నుల కాలంలో వోల్టేజీ తగ్గించేవాళ్లు. 12 వోల్టుల తీగకూ 5 వోల్టుల తీగకూ మధ్య ఫ్యాను తగిలించి ఏడు వోల్టులు రాబట్టిన తరం ఒకటుంది. టీకాకారుడు వాళ్లకు నమస్కరిస్తాడు గానీ అనుసరించమనడు.

మూలం పలకని బేరింగు గురించి కూడా ఒక మాట. చవక ఫ్యాన్లలో ఉండే స్లీవ్ బేరింగు కొత్తలో నిశ్శబ్దంగానే ఉండి, నూనె ఆరాక కిర్రుమంటుంది. పడుకోబెట్టి బిగిస్తే ఇంకా త్వరగా. టీవీ బల్లలోని చదునైన డబ్బాల్లో ప్రాసెసర్ ఫ్యాను పడుకునే ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బాల్ బేరింగుకు ఆయుష్షు గట్టిది, గొంతూ ఉంటుంది. నూనె పొర మీద ఇరుసు తేలే ఫ్లూయిడ్ బేరింగుకే నాలుగు డబ్బులెక్కువ పెట్టడం మేలు.

ఆక్షేపం: అసలు ఫ్యానే లేకుండా, స్ట్రీకామ్ వాళ్ల అల్యూమినియం డబ్బాల్లా ఒళ్లే హీట్‌సింకుగా ఉన్నవి కొంటే పోదా? సమాధానం: సినిమాలకే అయితే, ఆరు వాట్ల ఇంటెల్ ఎన్100 లాంటి చిప్పుతో నిక్షేపంగా పోతుంది, అప్పుడు ఈ టీకతో పనే లేదు. ఆటలు కూడా ఆడే 65 వాట్ల చిప్పయితే విజయవాడ మే నెలను తలుచుకోవాలి. గదే 40 డిగ్రీలుంటే లోహం అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఫ్యాను కూడా గదికన్నా చల్లగా చేయలేదు, తేడాను తగ్గిస్తుందంతే. వేసవిలో సీలింగ్ ఫ్యాను అయిదులో తిరుగుతుంటే కంప్యూటర్ ఫ్యాను గుట్టు దాగుతుంది. ఏ ఫ్యాను కొన్నదీ బయటపడేది డిసెంబరులో.

తాత్పర్యం: పట్టినంతలో పెద్ద ఫ్యానును, నాలుగు పిన్నులది, మెల్లగా తిప్పుకోవలెనని భావము.

విశేషాలు. 120 మి.మీ. ఫ్యానుకు మర రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ.; బేరమాడేముందు డబ్బా మీద స్కేలు పెట్టి చూసుకోవాలి. ఇనుప మరల బదులు రబ్బరు మేకులతో బిగిస్తే రేకు అదరదు. టీవీ బల్ల వెనక పలక మూసి ఉంటే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది, అక్కడ ఏ గుడ్లగూబా చేయగలిగింది లేదు. కొన్ని ఫ్రేముల అంచున గాలి ఎటు పోతుందో, రెక్కలు ఎటు తిరుగుతాయో చూపే రెండు బాణాలుంటాయి. అవి లేనప్పుడు మోటారును పట్టుకున్న కమ్మీలు ఏ వైపున ఉంటే గాలి ఆ వైపు నుంచే బయటికొస్తుంది. దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు బ్లోయరు పెడితే రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకుంటే అది మూలంలో చెప్పిన 1200ను దాటి తిరుగుతుంది.