రెండు పుస్తకాలు, ఒక బులెటిన్

సౌకార్‌పేట హోల్‌సేల్ కొట్లలో షట్టర్ దించేముందు చిట్టా, ఆవర్జా టాలీ కావాలి. పది రూపాయలు తేడా వచ్చిందా, గుమాస్తాకు ఇంటికెళ్లే యోగం లేదు. ఈ పేట ఉన్న రాయపురం జోనే 2020 వేసవిలో చెన్నై కరోనా కేసుల్లో ముందు నిలిచింది. అప్పుడు నగరంలో చావులకు రెండు లెక్కలు నడిచాయి: కార్పొరేషన్ మరణాల రిజిస్టర్‌ది ఒకటి, రాష్ట్ర ఆరోగ్యశాఖ సాయంత్రం బులెటిన్‌ది మరొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూడ్డానికి ఏకంగా కమిటీ కావలసి వచ్చింది. జులై 22న ఒక్కరోజే 444 పాత మరణాలు బులెటిన్‌కెక్కాయి.

మహమ్మారి హడావిడిలో ఎవరు మాత్రం ఏం చేయగలరని పెద్దలు అడగొచ్చు. ఆసుపత్రి నివేదికలు ఆలస్యమవుతాయి, షుగరో గుండెజబ్బో ఉన్న రోగి దేనివల్ల పోయాడో తేల్చడం కష్టం, ఒప్పుకుందాం. కానీ ఆ మరణాలు ఏ ఆసుపత్రి ఫైల్లోనో, కార్పొరేషన్ పుస్తకంలోనో ఉన్నవే. లేకుంటే కమిటీకి మాత్రం ఎక్కడ దొరికేవి? మరణం నమోదు చేయాలని 1969 నుంచీ చట్టమే ఉంది. కొరత సమాచారానికి కాదు, అడిగేవాళ్లకు. రిప్పన్ బిల్డింగ్‌లోని కార్పొరేషన్ పుస్తకం తేనాంపేటలోని ఆరోగ్యశాఖ ఆఫీసుకు చేరకపోతే, తన బల్ల మీదికొచ్చిన కాగితమే లోకమనుకునే మేనేజరుకు ఎన్ని డ్యాష్‌బోర్డులు కొనిచ్చి ఏం లాభం? వారానికో ఫోన్ చేసి రెండు అంకెలూ సరిచూసుకుంటే సగం చిక్కు వీడేది. కాకపోతే, ఫోన్‌కాల్‌కు జీవో నంబరుండదు కదా!