వేసవి విడిది మాడ్యూల్

పెనుకొండలో పుట్టినవాడికి స్టాండ్‌బై అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మా ఊరే ఒక స్టాండ్‌బై. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో, విజయనగరాన్ని ఏలుతున్న అళియ రామరాయల తల తెగింది. ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగులకెక్కించి, పేరుకు మాత్రమే చక్రవర్తి అయిన సదాశివరాయలను వెంటబెట్టుకుని నేరుగా మా కొండకు చేరాడు. రాజధాని హంపి డౌన్, పెనుకొండ యాక్టివ్.

నేను బెంగళూరులో నెట్‌వర్క్ స్విచ్చులు చూసుకుంటాను. ఫ్యాను వేసే స్విచ్చులు కావు. పెద్దవైతే ఇద్దరు పట్టినా లేవని పెట్టెలు. లోపల వరసగా కార్డులు. వాటిలో ఏలికలు రెండే, మేనేజ్‌మెంట్ మాడ్యూళ్ళు. యాక్టివ్ అనేది ఏలుతుంటే, స్టాండ్‌బై అనే రెండోది దాని ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తూ కూర్చుంటుంది.

ఊళ్ళో మా మామకు ఇదంతా చెప్పాను.

"పనిలేకుండా కూచునేదానికి గూడా కరెంటు ఇస్తారేమ్రా?"

"ఇస్తాం మామా. ధర కూడా మొదటిదానంతే."

"అట్లయితే గవర్మెంటు ఉద్యోగమే అనుకో."

అంత తేలిక కాదు. స్టాండ్‌బై ఎంత మేలుకుని ఉందన్నదే అసలు సంగతి. పాత సిస్కో క్యాటలిస్ట్ 6500లో ఆర్‌పీఆర్ పద్ధతి పెడితే రెండోది సగం నిద్రలో ఉంటుంది. లేచి బాధ్యత తీసుకోడానికి రెండు నుంచి నాలుగు నిమిషాలు. ఎస్ఎస్ఓ పెడితే పెద్దాయనకు తెలిసిందంతా ఎప్పటికప్పుడు దీనికీ తెలుస్తుంది. మూడు సెకన్లలోపే గద్దె మారుతుంది. ఆ సందులో కూడా లైన్ కార్డులు ఆగవు. చివరగా అందిన పట్టిక ప్రకారం ప్యాకెట్లు తోస్తూనే ఉంటాయి. హంపి కూలాక మధుర, తంజావూరు, జింజి నాయకులు చేసిందీ ఇదే: పాత పట్టిక ప్రకారం పన్నులు ఆగకుండా వసూలయ్యాయి. పైకి పంపడం ఒక్కటే తగ్గింది.

ఎస్ఎస్ఓకు ఒక పట్టింపు ఉంది. రెండు మాడ్యూళ్ళలోనూ సాఫ్ట్‌వేర్ వెర్షన్ కలవాలి. కలవకపోతే మాటామంతీ లేకుండా ఆర్‌పీఆర్‌కు దిగిపోతుంది. అందుకే అప్పుడప్పుడూ కావాలని గద్దె మార్చి చూడాలంటాను. మా మేనేజరు ఒప్పుకోడు. "నడుస్తున్నదాన్ని కెలుకుతావెందుకు?" అంటాడు. ఒక రాత్రి యాక్టివ్ నిజంగానే కన్నుమూసింది. స్టాండ్‌బై పాత వెర్షన్‌లో ఉంది. అది ఒళ్ళు విరుచుకుని, ఆవులించి, తీరిగ్గా లేచేదాకా మా కంపెనీలో ఫోన్లు తప్ప ఏవీ పనిచేయలేదు. ఆ ఫోన్లన్నీ నాకే.

మామ విని తల పంకించాడు. "గగన్ మహల్ చూడలేదా అప్పా? రాయలోళ్ళు ఎండాకాలమంతా ఈడికొచ్చి ఉండిపోయేవాళ్ళు. దర్బారు ఈడే, లెక్కాడొక్కా ఈడే. తిరుమలరాయలు వచ్చేతలికి వంటోళ్ళకు గూడా పొయ్యి యాడుందో తెలుసు."

నాకు జ్ఞానోదయమైంది. హాయిగా విడిది చేస్తున్నామనుకుని చక్రవర్తులు ఏటేటా చేసింది స్విచోవర్ పరీక్ష! ఇంజనీరింగ్‌ను సెలవు పేరుతో చేయించుకున్న ఘనులు వాళ్ళు.

వెంటనే చేంజ్ రిక్వెస్ట్ రాశాను. ఏటా మే నెలలో ఒక ఆదివారం రాత్రి యాక్టివ్‌కు విశ్రాంతి, పాలన స్టాండ్‌బైది. కారణం దగ్గర "వేసవి విడిది" అని పెట్టాను. పరీక్ష అంటే ఉలిక్కిపడే మేనేజరు సెలవు అనేసరికి మెత్తబడి సంతకం పెట్టాడు. కింద ఒక షరతు మాత్రం రాశాడు: పాత రాజధానికి క్షేమంగా తిరిగి వచ్చే ప్లాను జతచేయాలి.

మామకు ఫోన్ చేశాను.

"అది మాత్రం మన ఊరోళ్ళని అడగొద్దురా" అన్నాడు. "తిరుమలరాయలు హంపికి తిరిగి పోయి, ఊరు మళ్ళా నింపాలని చూసి, చాతగాక ఈడికే వచ్చినాడు. మీ మేనేజరుకు చెప్పు, ఆయన అడిగేది నాలుగున్నర నూర్లేండ్లుగా పెండింగులోనే ఉండాదని."