స్టిక్కర్ మాస్టర్

ఫిల్మ్‌నగర్‌లో మాస్టర్లకు కొదవ లేదు. తన్నించేవాడు ఫైట్ మాస్టర్, గెంతించేవాడు డాన్స్ మాస్టర్. గోడలకు బొమ్మలంటించేవాడు తానేం తక్కువనుకున్నాడో ఏమో, ఎవరూ బిరుదివ్వకుండానే స్టిక్కర్ మాస్టర్ అయిపోయాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి రామానాయుడు స్టూడియో దాకా ఏ కాఫీ షాపు ముందు పరంజా కనబడినా, పైన ఇతనో ఇతనిలాంటివాడో ఉంటాడు. మెడలో టేపు, జేబులో కట్టరు, నోట్లో సగం మాట. మిగతా సగం గోడతో మాట్లాడుకుంటాడు.

హీరోలందరూ ఇతనికి తెలుసు, కొలతల్లో. "ఆ సారు మొహం ఒక్క రోల్‌ల పట్టదన్నా" అంటాడు. వినైల్ రోలు వెడల్పు సాధారణంగా 54 అంగుళాలు. అంతకు మించిన మొహానికి జాయింటు తప్పదు. ఆ జాయింటు ఎక్కడ పడాలన్నదే ఇతని బతుకు సమస్య. ముక్కు మీద పడితే అభిమానులు ఊరుకోరు, కంటి మీద పడితే నిర్మాత ఊరుకోడు. అందుకని చెవి పక్కగా దింపుతాడు. చెవి గురించి ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేయలేదట.

కాఫీ షాపు యజమాని ఎంఎస్ మక్తాకు వెళ్లి, అక్కడ ఇళ్ల గోడలకు వేసిన రంగుల బొమ్మలు చూసొచ్చాడు. తన ఇటుక గోడకూ అలాంటిదే ఓ హీరో బొమ్మ కావాలి. అదీ శుక్రవారం పొద్దుటికల్లా. ఈ పేటలో ఏదైనా శుక్రవారానికే కావాలి కదా! చిత్రకారులు వారాలడుగుతారు కాబట్టి మాస్టర్‌కు కబురొస్తుంది.

వచ్చినవాడు బొమ్మ వంక చూడడు. గోడకు చెవులుంటాయని లోకం అంటుంది. ఇతను తన చెవే గోడకానించి, వేలి కణుపుతో కొట్టుకుంటూ పోతాడు. టక్, టక్, టక్, డొబ్! "గిది ఇటుక కాదన్నా. సిమెంటుకు ఇటుక మేకప్ ఏసిన్రు." థర్మోకోలు కోటలు కట్టే స్టూడియోల పక్కన ఈ మాటకు ఎవరూ ఉలిక్కిపడనక్కర్లేదు. కానీ చదరపు అడుగు లెక్కన డబ్బు పోసినవాడి మొహం మాడిపోతుంది.

తర్వాత టేపు పరీక్ష. చిన్న ముక్క గట్టిగా అంటించి, చర్రున లాగి, తిప్పి చూస్తాడు. తెల్లపొడి వస్తే గోడ ఉప్పు పట్టిందని, రంగు పొరలు ఊడొస్తే నిన్ననే పూశారని తీర్పు. కడిగిన గోడ కనీసం ఒక రోజు ఎండాలి. కొత్త రంగైతే నెల ఆగాలి.

"నెలా? శుక్రవారం సార్ వస్తున్నారయ్యా!"

"సారు ఒక్కరోజొచ్చి పోతడన్నా. బొమ్మ ఉండాలె గదా."

అసలు ఇటుకైనా, మేకప్ ఇటుకైనా వినైల్‌కు పడదు. అద్దం మీద లాగినట్టు రబ్బరు పలకతో లాగేస్తే బొమ్మ ఇటుకల నెత్తిన నిలబడి, మధ్యలో సిమెంటు సందుల మీద గుడారం వేస్తుంది. మర్నాడు ఎండెక్కగానే లోపలి గాలి ఉబ్బి హీరోయిన్ దవడ వాస్తుంది. అందుకే 50 మైక్రాన్ల పల్చటి కాస్ట్ వినైల్ కావాలి. ఒక చేత్తో 500 డిగ్రీలు దాటిన హీట్‌గన్ పట్టుకుని, బొమ్మ మెత్తబడిన క్షణంలోనే రెండో చేత్తో స్పాంజి రోలరు తోయాలి. అప్పుడది గరుకులోకి, సందుల్లోకి దిగి, రంగేసినట్టే కూర్చుంటుంది. చవక రకం మాత్రం అప్పిచ్చినవాడిలా పాత సంగతి మరచిపోదు. ఎంత సాగదీసినా మళ్లీ మొదటికే వచ్చి ముడుచుకుంటుంది.

ఇంత చేసినా ఇటుక వరస ఇటుక వరసే. పది సెంటీమీటర్లకొక గీత చొప్పున, హీరో పొట్ట మీద ఆరు పలకలుండాల్సిన చోట పద్దెనిమిది తేలతాయి. అభిమానులు సంతోషిస్తారు. జిమ్ మాస్టర్ ఒక్కడే తెల్లబోతాడు.

మాస్టర్ మేనమామ ఒకప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకు కుంచెతో బ్యానర్లు గీసినవాడు. డిజిటల్ ప్రింట్లొచ్చాక ఖాళీ. అప్పుడప్పుడు వచ్చి, అల్లుడి పని కింది నుంచి పైదాకా చూసి, "కండ్లల్ల జీవం లేదురా" అని పోతాడు. ఫోటో తీసిందెవరో, ప్రింటు కొట్టిందెవరో! నొచ్చుకునేది మాత్రం ఇతనే.

జీవోల సంగతీ ఇతనికే బాగా తెలుసు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 68 ప్రకారం నేల మీద నుంచి 15 అడుగులు దాటి ప్రకటన ఉండకూడదు. వచ్చిన హీరో ఎత్తు 20. ఇది ప్రకటన కాదు, కళ అంటాడు యజమాని. "కళయితే మూలకు రిలీజ్ డేటెందుకన్నా?" అంటూనే హీరోను మోకాళ్ల దగ్గర కోసేస్తాడు.

పనయ్యాక అడ్వాన్సు పోను మిగిలిన సొమ్ము గోడకేసిన సున్నమే. "రిలీజ్ కానీ, చూద్దాం" అంటారు. ఇతను పోట్లాడడు. అన్ని మూలలూ ఒత్తి, కింది మూల ఒక్కటి ఒత్తకుండా వదిలేసి దిగిపోతాడు. మీరు రోడ్ నంబర్ 36 మీదుగా పోతున్నప్పుడు ఏ హీరో మోకాలి దగ్గరో ఒక మూల గాలికి లేస్తూ కనబడితే, పనివాణ్ణి తిట్టకండి. లోపలికెళ్లి యజమానిని బాకీ ఎంతో అడగండి.