రూట్ గారూ, దయచేసి తమరు రాకండి

మైఎస్‌క్యూఎల్ సర్వాధికారి శ్రీయుత రూట్ గారి సముఖానికి,

విషయం: టెస్టులు వదిలేసి పోయిన టేబుళ్ల తొలగింపు గురించి.

ఆర్యా,

తమరి మాటకు ఎదురులేదని డెవలపర్లందరికీ తెలుసు. టేబుల్ డ్రాప్ చేయమంటే సర్వర్ 'నిజంగానా?' అని కూడా అడగదు. అందుకే డేటాబేస్‌లో చెత్త పేరుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు తమరి పాస్‌వర్డ్ కొట్టి లోపలికొస్తారు. ఆ అలవాటు గురించే ఈ విన్నపం.

చెత్త ఎక్కణ్ణుంచి వస్తుందో ముందు చిత్తగించండి. 2011 జనవరిలో వచ్చిన ద్రుపల్ 7 కోర్‌లో సింపుల్‌టెస్ట్ అనే మాడ్యూల్ ఉండేది. ఒక్క వెబ్ టెస్ట్ నడపాలంటే అది అదే డేటాబేస్‌లో సైటు మొత్తాన్ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసేది. యూజర్లు, నోడ్లు, మెనూలు, క్యాష్‌లు, ప్రతి టేబుల్ పేరుకూ ముందు 'సింపుల్‌టెస్ట్', ఆ వెంటనే ఓ సంఖ్య. టెస్ట్ సజావుగా ముగిస్తే అవన్నీ పోయేవి. మధ్యలో పీహెచ్‌పీకి మెమరీ చాలకపోయినా, విసుగెత్తిన డెవలపర్ కంట్రోల్-సీ నొక్కినా డజన్ల కొద్దీ టేబుళ్లు దిక్కులేనివైపోయేవి. టెస్టింగ్ పేజీలో 'క్లీన్ ఎన్విరాన్‌మెంట్' అని ప్రత్యేకంగా ఓ బటనే పెట్టారంటే ఇది ఎంత మామూలు వ్యవహారమో తమరే ఊహించగలరు.

ఎవరి విస్తరి వారే తీయాలన్నది టెస్టుల లోకంలోనూ ఉన్న నియమమే. కాని భోజనం మధ్యలో సొమ్మసిల్లినవాడు విస్తరి ఎలా తీస్తాడు? పైథాన్ యూనిట్‌టెస్ట్‌లో సెటప్ దశలోనే ఎర్రర్ వస్తే, శుభ్రం చేయాల్సిన టియర్‌డౌన్ అసలు నడవదు. అప్పటికే రెండు టేబుళ్లు తయారై ఉంటే అవి అక్కడే. అంతా ట్రాన్సాక్షన్‌లో పెట్టి చివర్లో రోల్‌బ్యాక్ చేస్తే సరి అనేవారుంటారు. పోస్ట్‌గ్రెస్‌లో ఆ మాట చెల్లుతుంది. తమరి రాజ్యంలో మాత్రం క్రియేట్ టేబుల్ అనగానే కమిట్ దానంతటదే పడిపోతుంది. ఆ తర్వాత రోల్‌బ్యాక్ అని ఎంత మొత్తుకున్నా టేబుల్ కదలదు.

టెస్ట్‌కంటెయినర్స్ అనే లైబ్రరీ తయారుచేసినవాళ్లు, మధ్యలో కూలిన టెస్టు తన చెత్త తీయలేదని గ్రహించి, ఊడ్చే పనిని టెస్టు చేతుల్లోంచి తీసేశారు. పక్కనే ర్యూక్ అనే చిన్న కంటెయినర్ కాపలా ఉంటుంది. టెస్టుతో కనెక్షన్ తెగిందా, మిగిలిన కంటెయినర్లను అదే తీసిపారేస్తుంది. 'డెత్ నోట్' అనే జపాన్ మాంగాలోని మృత్యుదేవత పేరది. పెట్టినవారి చమత్కారం మెచ్చుకోదగిందే.

ఇక తమరి రాక అంటే భయమెందుకో మనవి. 'టెస్ట్' తర్వాత అండర్‌స్కోర్, ఆపైన శాతం గుర్తు పెట్టి లైక్‌తో వెతికారనుకోండి. అండర్‌స్కోర్ అంటే ఏదైనా ఒక అక్షరం అని సర్వర్ అర్థం చేసుకుంటుంది. కస్టమర్లు కష్టపడి రాసిన మెచ్చుకోళ్లున్న 'టెస్టిమోనియల్స్' టేబుల్ కూడా ఆ జాబితాలోకి వచ్చి కూర్చుంటుంది. ద్రుపల్ వాళ్లకూ ఇలాంటి చిక్కే ఉండేది. సింపుల్‌టెస్ట్ మాడ్యూల్ సొంత టేబుళ్ల పేర్లూ 'సింపుల్‌టెస్ట్' అనే మాటతోనే మొదలయ్యేవి. అందుకే 'క్లీన్ ఎన్విరాన్‌మెంట్' బటన్ వెనకున్న కోడ్, ఆ మాట పక్కన అంకె లేని టేబుల్‌ను వదిలేసేది.

ఊడ్చే ఇల్లే మారిపోతే ఇంకా ఘోరం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఓ ఇంజనీరు సెకండరీ సర్వర్ అనుకుని ప్రైమరీలో డేటా డైరెక్టరీని చెరిపేశాడు. సెకను రెండు సెకన్లలో తేరుకునేసరికి దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సుమారు ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. అది టెస్టు చెత్త కాదు, నిజమే. కాని ఏ సర్వర్‌లో ఉన్నామో చూసుకోని చేతికి ఏదైనా ఒకటే.

కాబట్టి తమరు ఊడ్చడానికి రావద్దు. టెస్టుల కోసం వేరే యూజర్‌ను సృష్టించి, టెస్ట్ డేటాబేస్‌ల మీద మాత్రమే హక్కులివ్వండి. టెస్టు చివర్లో కాకుండా మొదట్లోనే పాత టేబుళ్లు డ్రాప్ చేసుకునే స్క్రిప్ట్ ఆ యూజర్ పేరుతోనే నడుస్తుంది. గ్రాంట్ ఇచ్చేటప్పుడు డేటాబేస్ పేరులోని అండర్‌స్కోర్ ముందు బ్యాక్‌స్లాష్ మరవకండి, అక్కడా అదే గోల. పనిలో పనిగా సెటప్ ఫైళ్లలోంచి తమరి పాస్‌వర్డ్ తీయించండి. చాలాచోట్ల అదీ 'రూట్' అనే ఉంటోంది.

ఇట్లు,
తమ విధేయులు,
డెవలపర్లు