ఎస్‌ఎంపీఎస్ ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. పసుపు తీగెలోన పన్నెండు వోల్టులు
అరుణవర్ణమందు నైదు గలవు
నలుపు నేల యనుచు నమ్మినవానికి
దారి చూపు కొక్కి తప్పకుండ

ప్రతిపదార్థం

పసుపు తీగెలోన = ఎస్‌ఎంపీఎస్ నుంచి, అనగా గోడ ప్లగ్గులోని 230 వోల్టుల ఏసీ కరెంటును కంప్యూటరుకు తగిన చిన్న డీసీ వోల్టేజీలుగా మార్చే ఇనుప డబ్బా నుంచి, వెలువడే పసుపు రంగు వైరులో; పన్నెండు వోల్టులు = 12 వోల్టులును; అరుణవర్ణమందు = ఎర్ర వైరులో; ఐదు = 5 వోల్టులును; కలవు = ఉన్నాయి; నలుపు = నల్ల వైరు; నేల యనుచు = గ్రౌండ్ అని, అనగా వోల్టేజీ కొలతకు సున్నాగా ఎంచే తిరుగుదారి అని; నమ్మినవానికి = విశ్వసించినవాడికి; కొక్కి = కనెక్టరు ఒక పక్కన ఉండి, నొక్కితే గాని ఊడిరాని ప్లాస్టిక్ నాలుక; తప్పకుండ దారి చూపు = నిశ్చయంగా మార్గం చూపుతుంది.

తాత్పర్యం

ఇంటెల్ 1995లో వెలువరించిన ఏటీఎక్స్ ప్రమాణాన్ని పాటించే ఎస్‌ఎంపీఎస్‌లో ఊరూపేరూ తెలియని కనెక్టరు చేతికి చిక్కినప్పుడు, అది ఏ రంధ్రంలో దూరుతుందా అని వెతకక, మొదట వైర్ల రంగులనూ తరువాత కొక్కి ఉన్న వైపునూ పరిశీలించాలని భావం. నారింజ రంగు వైరు 3.3 వోల్టులకు, ఊదా రంగుది కంప్యూటరు ఆపి ఉన్నప్పుడు కూడా నిలిచి ఉండే 5 వోల్టులకు, ఆకుపచ్చది ఎస్‌ఎంపీఎస్‌ను మేల్కొలిపే సంకేతానికి గుర్తులైనా, కవి వాటిని విడిచిపెట్టడానికి ఆటవెలది ఇరుకే కారణమని ఊహించవచ్చు.

విశేషాలు

మొదటి పాదం చివర ఉకారానికీ రెండో పాదం మొదటి అకారానికీ సంధి చేయకపోవడం విసంధి దోషమని లాక్షణికులు ఆక్షేపించవచ్చు గాని, వైర్లను తొందరపడి కలిపినందువల్ల మదర్‌బోర్డులు కాలిన శాస్త్రంలో అక్షరాలను కలపనందుకు కవిని నిందించడం తగదు.

నాలుగో పాదమే ఈ పద్యానికి ప్రాణం. ప్రాసెసరుకు కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల కనెక్టరూ, గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే ఎనిమిది పిన్నుల కనెక్టరూ చూపులకు కవలల్లా ఉన్నా, మొదటిదానిలో పసుపు వైర్లు కొక్కి వైపునా, రెండోదానిలో నల్లవి కొక్కి వైపునా ఉంటాయి గనుక, ఒకదాని స్థానంలో మరొకటి దూర్చడమంటే 12 వోల్టులను నేరుగా గ్రౌండుకు అప్పగించడమే అవుతుంది. ఈ పొరపాటును నివారించడానికే కొన్ని పిన్నుల గూళ్లను చతురస్రంగానూ, కొన్నింటిని మూలలు కోసినట్టుగానూ మలిచారు. అయితే బొటనవేలి బలాన్ని నమ్ముకున్నవారికి ఈ మలుపులు పెద్ద అడ్డంకి కావు. నాలుగు, నాలుగుగా విడిపోయేది ప్రాసెసరుదనీ, ఆరు, రెండుగా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డుదనీ గ్రహించడం మరొక ఉపాయం. ఏటీఎక్స్‌కు పూర్వపు ఏటీ కాలంలో కొక్కి మాట అటుంచి, పీ8, పీ9 అనే రెండు ఆరు పిన్నుల కనెక్టర్లను నల్ల వైర్లు నడిమధ్యన కలిసేలా పక్కపక్కన పెట్టవలసి వచ్చేది. వాటిని తారుమారు చేస్తే బోర్డు దక్కేది కాదు.

ఇక లక్షణ విచారం. రంధ్రంలో సరిగ్గా కూర్చున్నదే సరైన కనెక్టరు అనే లోకవాదానికి అతివ్యాప్తి దోషం, అనగా లక్షణం దానికి చెందనివాటికి కూడా వర్తించే దోషం, తప్పదు. 1990ల చివరలో డెల్ సంస్థ తన కంప్యూటర్లు కొన్నింటిలో ఏటీఎక్స్ వారి ఇరవై పిన్నుల కనెక్టరునే వాడుతూ లోపలి వైర్ల వరుసను మాత్రం మార్చడం వల్ల, బజారులో కొన్న ఎస్‌ఎంపీఎస్ దానిలో చక్కగా కూర్చుని చక్కగా నష్టం చేసేది. నేటి మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లలో, అనగా కేబుళ్లు రెండు చివరలా ఊడివచ్చే వాటిలో, డబ్బా వైపు చివరకు ఉమ్మడి ప్రమాణం లేనందున, ఒకదాని కేబుల్ మరొకదానిలో దూరి 5 వోల్టుల చోటికి 12 వోల్టులను పంపి హార్డ్‌డిస్కును కాల్చివేయగలదు.

పద్యంలోని రంగుల లక్షణానికి వచ్చిన చిక్కు దీనికి విపర్యయం. ఈ కాలపు కేబుళ్లు అనేకం అందం కోసం మొదటి నుంచి చివరిదాకా నల్లగానే వస్తుండటంతో, మూడో పాదాన్ని అక్షరాలా నమ్మితే ఎస్‌ఎంపీఎస్ మొత్తం నేలే అయి, కరెంటు ఎక్కడా లేదని తేలుతుంది. ఇది అవ్యాప్తి, అనగా లక్ష్యంలో కొంత భాగానికి లక్షణం అందకపోవడం.

సిద్ధాంతం ఏమనగా, రంగు అనుమానానికీ, కొక్కి ఉపమానానికీ పనికివస్తాయి గాని, ప్రత్యక్ష ప్రమాణం మల్టీమీటరు ఒక్కటే. ఎస్‌ఎంపీఎస్‌ను కంప్యూటరు నుంచి వేరు చేసి, ఇరవైనాలుగు పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ వైరు గూటిని, రంగులు లేకుంటే 16వ పిన్నును, గ్రౌండు పిన్నుతో ఒక పేపరు క్లిప్పు ద్వారా కలిపితే ఫ్యాను తిరగడం మొదలవుతుంది. అప్పుడు మీటరు నల్ల కొసను గ్రౌండుకు ఆనించి, ఎర్ర కొసతో అనుమానిత కనెక్టరు పిన్నులను ఒక్కొక్కటిగా తాకితే, ప్రమాణం అనుమతించే అయిదు శాతం అటూఇటూలో, అనగా 12కు 11.4 నుంచి 12.6, 5కు 4.75 నుంచి 5.25 మధ్య, అంకె కనిపిస్తుంది. పాఠకులు తమ సొరుగుల్లో ఏ ఎస్‌ఎంపీఎస్‌కు చెందినదో తెలియకుండా పడి ఉన్న మాడ్యులర్ కేబుళ్లను ఎన్నడైనా పనికివస్తాయని దాచుకోక, నేడే ఎలక్ట్రానిక్ వ్యర్థాల కింద పారవేయవలసిందిగా మనవి.