అరకు సందేశం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో కాపురముంటున్న కొడుకు ఇంటికి గోదావరి జిల్లాల నుంచి తల్లిదండ్రులు వచ్చినప్పుడు వారికి ఊరు చూపించడంలో ఒక క్రమం ఉంది. మొదటిది సింహాచలం. అది దైవకార్యం గనుక చర్చ ఉండదు. తర్వాత రామకృష్ణా బీచి, ఆ ఒడ్డునే మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి. ఆపైన కైలాసగిరి. ఈ మూడూ నోటిమాటతో తేలిపోతాయి. నాలుగోదైన అరకుకు మాత్రం కుటుంబ వాట్సాప్ గ్రూపులో లిఖితపూర్వకమైన సందేశం తప్పనిసరి. ఆ సందేశం ఏ ఇంట్లో పుట్టినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కార్తీకమాసపు ప్రతి ఒకటి ఇక్కడ మూలంగా స్వీకరించబడింది.

మూలం

"అమ్మానాన్న వచ్చారు కదా, శనివారం అరకు వెళ్దాం. అద్దాల పెట్టెలో టికెట్లు దొరికాయి. బొర్రా చూసుకుని, బొంగు చికెన్ తిని, రాత్రికి వచ్చేద్దాం. స్వెట్టర్లు మర్చిపోకండి."

తాత్పర్యం

పెద్దవాళ్లను శనివారంనాడు రైల్లో అరకు తీసుకెళ్లి, అదే రాత్రి తీసుకురావాలని కొడుకు సంకల్పం. తాత్పర్యం చివర రావడం సంప్రదాయం. మల్లినాథసూరి వ్యాఖ్యానించిన కావ్యాల్లో అర్థమే కఠినం కాబట్టి అక్కడ అది చెల్లింది. ఈ మూలంలో అర్థం సులభం, ఆచరణే కఠినం. అందుచేత పరీక్షార్థులు ఇక్కడితో ఆపి, ప్రయాణం పెట్టుకున్నవారు మాత్రం కిందికి చదవవచ్చు.

పాఠాంతరాలు

‘అరకు’ అన్నచోట హైదరాబాదు ప్రతుల్లో ‘రామోజీ ఫిల్మ్ సిటీ’ అనీ, అమెరికా ప్రతుల్లో ‘నయాగరా’ అనీ, దక్షిణ కొరియాలో ఉంటున్నవారి ప్రతుల్లో ‘జెజు’ అనీ ఉంటుంది. జెజు అగ్నిపర్వతం వల్ల పుట్టిన ద్వీపం. నడుమ హల్లాసాన్ శిఖరం, తూర్పున లావా పారి తొలిచిన మంజంగుల్ గుహ ఉన్నాయి. 2007లో యునెస్కో ఆ లావా గుహలను, అగ్నిపర్వతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పేరు ఏదైనా, పెద్దవాళ్లకు కొండో గుహో జలపాతమో చూపించి తీరాలన్నది అన్ని ప్రతులకూ సామాన్యం. మోకాళ్ల నొప్పులున్నవారికి ఎక్కి దిగే చోట్లే ఎందుకు చూపించాలన్న శంకకు ఏ వ్యాఖ్యాతా సమాధానం రాయలేదు.

టీక

అమ్మానాన్న వచ్చారు కదా: ఎవరి అమ్మానాన్న అన్నది మొదటి వివాదం. సందేశకర్త పురుషుడు కాబట్టి అతని తల్లిదండ్రులేనని ఒక పక్షం. కోడలి తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఇదే వాక్యం ‘అత్తయ్యగారూ వాళ్లూ వచ్చారు’ అని మారి, అరకు ఒక పూట నుంచి రెండు రోజులకు పెరుగుతుందని మరో పక్షం. ‘కదా’ హేతువాచకం. విశాఖలో ఏళ్ల తరబడి ఉంటున్నా అరకు చూడనివారు ఎందరో ఉన్నారు. పెద్దవాళ్లు రావడం అనే కారణం దొరికితే గాని ఆ ప్రయాణం కదలదు.

అరకు: తూర్పు కనుమల్లో సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న లోయ. విశాఖ నుంచి రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. జిల్లాకు ముఖ్యపట్టణం పాడేరు. బగత, కొండదొర, కోటియ, కొండు, పోర్జ, గదబ, వాల్మీకి తదితర ఆదివాసుల నేల ఇది. కార్తీకంలో వలిసె చేలు పసుపుపచ్చగా పూస్తాయి. వలిసెలు నూనెగింజలు. ఫోటో దిగడానికి చేలోకి అడుగుపెట్టినవారి దగ్గర రైతు కొంత రుసుము తీసుకుంటాడు. తండ్రి దీన్ని అన్యాయమంటాడు. సొంత ఊళ్లో తన వరిచేలోకి పదిమంది దిగి తొక్కితే ఏమనేవాడో ఆయన్నెవరూ అడగరు.

వెళ్దాం: ఈ క్రియలో వినేవారూ కలిసే ఉంటారు, వారి సమ్మతి మాత్రం ఉండదు. కాబట్టి పూర్వపక్షం తప్పదు. "మాకెందుకురా ఈ వయసులో, మీరు వెళ్లి రండి" అని తండ్రి ప్రతిపాదిస్తాడు. "పిల్లాడు సరదా పడుతున్నాడు, కాదనకండి" అని తల్లి సిద్ధాంతం చేస్తుంది. ఈ వాదం నడిచే సమయానికే వంటింట్లో పులిహోరకు చింతపండు నానుతూ ఉంటుంది గనుక పూర్వపక్షం కేవలం లాంఛనమని గ్రహించాలి.

ఇక్కడ ఒక అధ్యాహారం. మూలంలో భోజనం ఊసు బొంగు చికెన్ ఒక్కటే. అయినా బయల్దేరేనాటికి పులిహోర, పెరుగన్నం, దొండకాయ వేపుడు, మాగాయ, నీళ్ల సీసాలు, ఫ్లాస్కులో కాఫీ, ఒక కట్ట అడ్డాకుల విస్తళ్లు సంచుల్లో చేరతాయి. విశేషమేమంటే మన్యం చింతపండుకూ అడ్డాకుకూ పుట్టిల్లు. గిరిజనులు అడవిలో సేకరించిన చింతపండు, అడ్డాకు, తేనె, కుంకుడుకాయల వంటివి కొని అమ్మడానికే 1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. సంతలో షావుకారు తూకానికి లోబడి ఉన్నవాళ్లకు మరో కాటా దొరకాలన్నది ఉద్దేశం. కాబట్టి ఆ సంచిలోని చింతపండు ఒకసారి కొండ దిగి, పులిహోరై మళ్లీ కొండ ఎక్కుతోందని చెప్పుకున్నా తప్పులేదు. తల్లి మొదటిసారి అరకు వస్తున్నా, అరకు ఆమె వంటింటికి ఎప్పుడో వచ్చింది.

అద్దాల పెట్టె: విస్టాడోమ్ అని నామాంతరం. కప్పుకు కూడా అద్దాలుండి, కుర్చీలు చుట్టూ తిరిగే ఈ పెట్టెను చెన్నై పెరంబూరు కర్మాగారం తయారుచేసింది. 2017 ఏప్రిల్‌లో విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పాసింజరుకు తగిలించారు. ‘దొరికాయి’ అన్న క్రియలో గర్వం ధ్వని. ఈ టికెట్లు కార్తీకమాసంలో దొరకవు.

రైలు ఉదయం ఏడులోపే బయల్దేరుతుంది. దానికి నాలుగున్నరకు లేవాలి. మూడుకే లేచేది తల్లి. కొత్తవలస, శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చాక దారి కొండెక్కుతుంది. మనుషులు అందం చూడటానికి వేసిన దారి కాదిది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960వ దశకంలో వేసింది. ఇప్పటికీ ఖనిజపు గూడ్సుకు దారివ్వడానికి పాసింజరు అప్పుడప్పుడు ఆగుతుంది. ఎందుకు ఆగిందని మనవడు అడిగినప్పుడు తండ్రి ఈ చరిత్రంతా చెబుతాడు. కుర్చీలు తిరిగే పెట్టెలో శ్రోతలు మెల్లగా అటు తిరిగిపోవడం సులభం.

సొరంగాల లెక్క మరో వివాదం. కొత్తవలస–కిరండూల్ మార్గం మొత్తం మీద 58 అని ప్రసిద్ధి. అరకు దాకా వచ్చేవి అందులో కొన్నే. మనవడి లెక్కకూ తాతగారి లెక్కకూ పొంతన కుదరదు. సొరంగంలో చీకటికి అరవడం పిల్లలకు విధి, పెద్దలకు వికల్పం. శిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. దేశంలో బ్రాడ్‌గేజీ స్టేషన్లన్నిటికన్నా ఎత్తైనదని చాలాకాలం చెప్పుకున్నారు. 2008లో కశ్మీరు లోయలో బ్రాడ్‌గేజీ రైలు నడవడంతో ఆ ఘనత చెల్లిపోయింది. తండ్రి దీన్ని ఒప్పుకోడు. ఆయన చదివింది పాత బోర్డు.

బొర్రా చూసుకుని: అనంతగిరి కొండల్లోని సున్నపురాతి గుహలు. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని స్వల్ప ఆమ్లమై, సున్నపురాతిని కరిగించుకుంటూ కిందికి దిగుతుంది. గుహ కప్పు నుంచి బొట్టుబొట్టుగా జారేటప్పుడు ఆ వాయువు విడిపోయి సున్నం పేరుకుంటుంది. పైనుంచి వేలాడేవి, కిందినుంచి లేచేవి, రెండూ కలిసి స్తంభాలైనవి అలా ఏర్పడినవే. జెజు గుహను లావా పారి చేసింది, దీన్ని నీరు తొలిచింది.

గుహలను 1807లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన తెల్లదొర ఒకరు కనుక్కున్నారని గైడ్లు చెబుతారు, కరపత్రాలూ అచ్చువేస్తాయి. ఆ శాఖ పుట్టిందే 1851లో. కాబట్టి సంవత్సరమైనా తప్పు కావాలి, శాఖ అయినా తప్పు కావాలి. దీన్ని కాలవిరోధ దోషమంటారు. స్థానికుల కథలో ఈ చిక్కు లేదు. మేస్తూ మేస్తూ ఆవు గుహ కప్పులోని కన్నంలోంచి పడిందనీ, వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లోపల శివలింగం కనబడిందనీ, ఆ గోవు పేరు మీదే గోస్తనీ నది వెలసిందనీ వారంటారు. తల్లికి ఈ పాఠమే సమ్మతం.

ఇక అలంకారం. లోపలి శిలలకు శివపార్వతులు, తల్లీబిడ్డ, ఋషి గడ్డం, మొసలి, మనిషి మెదడు అని పేర్లున్నాయి. గైడు టార్చిలైటు వేసి "మొసలిలా లేదూ" అన్నప్పుడు ఉపమ. "ఇది మొసలే" అన్నప్పుడు రూపకం. తల్లి చెప్పులు విడిచి, ఎవరూ చెప్పకుండానే మరేదో రాయికి దణ్ణం పెట్టినప్పుడు భ్రాంతిమంతం. తండ్రి మాత్రం మెట్లు లెక్కపెడతాడు, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలన్న ఎరుకతో. ‘చూసుకుని’ అన్న ఒక్క అసమాపక క్రియలో ఈ శ్రమనంతా ఇమిడ్చాడు గనుక సందేశకర్తకు సంక్షేప గుణం ఉందని ఒప్పుకోవాలి.

బొంగు చికెన్ తిని: పచ్చి వెదురు బొంగులో అల్లం వెల్లుల్లి, కారం, మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతి ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. మాంసంలోని నీరు, పచ్చి వెదురు చెమ్మ కలిసి ఆవిరిగా లోపలే తిరిగి ముక్కను ఉడికిస్తాయి. పైన బొంగు మాడి నల్లబడుతుంది.

ఇక్కడే మూలంలో పూర్వోత్తర విరోధం బయటపడుతుంది. పైన ‘శనివారం’ అన్నాడు. ఆ వారం వెంకటేశ్వరస్వామిది, తల్లిదండ్రులు నీసు ముట్టరు. పైగా కార్తీకం, కాబట్టి నిషేధం ద్విగుణం. పరిహారం కోసం వ్యాఖ్యాతలు చాలా అవస్థపడ్డారు. ‘తిని’ అన్న క్రియకు కర్త కొడుకూ మనవడూ మాత్రమేనని అన్వయించడం సులువైన మార్గం. ‘పొట్లం కట్టించుకుని ఆదివారం తిని’ అని చెప్పడానికి ఆదివారమూ కార్తీకమే అడ్డు. ఆచారంలో జరిగేది వేరు. కొడుకు తింటుంటే తల్లి పక్కనే కూర్చుని, నూనె లేకుండా కోడికూర ఎలా వండావమ్మా అని వండిన ఆమెను అడిగి, బొంగు ఎన్నాళ్లది కొట్టాలో, ఏ ఆకు కుక్కాలో అన్నీ కనుక్కుంటుంది. ఆ రోజు మొత్తం మీద అక్కడి మనిషితో సాగిన అసలు సంభాషణ అదొక్కటే. ధింసా ఆట చూడటం ఈ లెక్కలోకి రాదు. చేతులు వెనకనుంచి పెనవేసుకుని, డప్పు, తుడుము, మోరి వాద్యాలకు అడుగు కలుపుతూ ఊళ్లలో పెళ్లికీ చైత్రమాసపు ఇటుకల పండక్కీ ఆడే ఆట అది. యాత్రికుల ఎదుట నడిచేది దానికి పొట్టి కూర్పు. కోడలు అద్దెకు దొరికే గిరిజన చీరకట్టులో ఫోటో దిగుతుంది. అత్తగారు వద్దు వద్దంటూనే రెండో ఫోటోలో ఉంటుంది.

రాత్రికి వచ్చేద్దాం: రైల్లో ఎక్కి కారులో దిగడం ఇక్కడి వాడుక. పర్యాటక శాఖ వారి రైలు–రోడ్డు యాత్రదీ ఇదే పద్ధతి. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, అనంతగిరి కాఫీ తోటలు ఈ క్రియకు అంగాలు. బొర్రా కూడా తిరుగుదారిలోనే వస్తుంది. కాబట్టి మూలంలో బొంగు చికెన్‌కు ముందు బొర్రా చెప్పడం క్రమభంగం.

కాఫీ సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి మిరియపు తీగ పాకి ఉండగా, పండుతుంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణమే ఉంది. తండ్రి ఒక గుక్క తాగి చికోరీ లేదని పెదవి విరుస్తాడు. తల్లి మిరియాలు, పసుపు, రాజ్మా బేరమాడి కొంటుంది.

సాయంత్రం ఎండ వాలుగా పడుతుంటే తండ్రి నోట ఒక వాక్యం వస్తుంది: "ఇక్కడో పావెకరం కొని పడేస్తే బాగుండును." దీనికి టీక అత్యవసరం. ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణ, వాడుకలో వన్ ఆఫ్ సెవెంటీ, ఇక్కడి భూమి గిరిజనేతరుడికి బదిలీ కావడాన్ని చెల్లనివ్వదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, కొనేవాడు గిరిజనుడు కావాలి. పైన చెప్పిన బొర్రా చుట్టుపక్కల గనుల లీజులే ఈ చట్టాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లాయి. సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జూలైలో వచ్చిన తీర్పు, ప్రభుత్వం కూడా ఈ నిబంధనకు లోబడిన ‘వ్యక్తే’ననీ, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వరాదనీ తేల్చింది. దేశంలోని ఆదివాసీ ప్రాంతాలన్నిటా ఉదహరించే తీర్పు అది. సర్కారుకే దక్కని హక్కు పావెకరం మేరకు తనకెలా దక్కుతుందో తండ్రికి కారు డ్రైవరు వివరిస్తాడు. అతనిది డుంబ్రిగూడ దగ్గరి ఊరు.

అనంతగిరి నుంచి శృంగవరపుకోట దాకా ఘాటు మలుపులు. ఎవరికో ఒకరికి వాంతి తప్పదు. నిమ్మకాయ వాసన, అల్లం మురబ్బా దీనికి శాంతి. ‘రాత్రికి’ అనగా తొమ్మిది దాటాక అని అర్థం.

స్వెట్టర్లు మర్చిపోకండి: శీతాకాలపు రాత్రుల్లో లోయలో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది. చింతపల్లి వైపున్న లంబసింగిలో అయితే ఇంకా కిందికి. కోనసీమ ఉక్కలో పెరిగిన తండ్రి ఈ విధిని అక్షరాలా పాటించి, తెల్లవారుజామున విశాఖ స్టేషన్లోనే స్వెట్టరు, మంకీ క్యాపు తొడుగుతాడు. ఆ ఊరి సముద్రపు ఉక్కకు కొత్తవలస రాకముందే రెండూ విప్పుతాడు. మధ్యాహ్నం లోయలో ఎండ కాస్తుంది, వాటి అవసరం పడదు. తిరుగుదారిలో గాలికొండ దగ్గర నిజంగా చలి మొదలయ్యే వేళకు స్వెట్టర్లన్నీ డిక్కీలో, పసుపు మూటల కింద ఉంటాయి.