మానిటర్‌ని వెనక నుంచి ఎంచుకోండి

మానిటర్ కొనడానికి వెళ్లినప్పుడు తెర వైపు చూడకండి. ఈ సలహా విన్నవాళ్లు నన్ను వింతగా చూస్తారు. అయినా మార్చుకోను. కండ్లకోయ, మేడ్చల్, గుండ్లపోచంపల్లి వైపు ఇళ్లు తీసుకుని, వారంలో రెండు మూడు రోజులు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలి పోయొచ్చి, మిగతా రోజులు ఇంట్లోనే పనిచేసుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. 2022 ఫిబ్రవరిలో కండ్లకోయలోనే గేట్‌వే ఐటీ పార్కుకు శంకుస్థాపన జరిగింది. కొలువు పడమటికి పోకుండా ఊళ్లోకే వచ్చినా సరే, బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీయడం, మళ్లీ పెట్టడం మాత్రం తప్పదు. తీసిన ప్రతిసారీ చార్జర్, హెచ్‌డీఎంఐ, నెట్ కేబుల్, కీబోర్డు, మౌస్ అంటూ అయిదు వైర్లు గుచ్చుకోవాలా, ఒక్క వైరుతో సరిపోవాలా? ఆ సంగతి తేలేది తెర మీద కాదు, దాని వీపు మీద.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లండి. షాపులో కుర్రాడు మంచి రంగురంగుల వీడియో పెట్టి, ‘కలర్స్ చూడన్నా’ అంటాడు. ‘తమ్మీ, ముందు దీన్ని అటు తిప్పు’ అనండి. కింది అంచున వరసగా పోర్టులుంటాయి. అందులో టైప్-సి ఉందా? ఉంటే సరిపోదు, ఎన్ని వాట్లిస్తుందో అడగండి. కొన్ని మానిటర్లలో ఆ పోర్టు 15 వాట్లే ఇస్తుంది. అది ఫోన్‌కి చాలుతుంది, ల్యాప్‌టాప్‌కి చాలదు. పనికొచ్చేవి 65, 90 వాట్లవి. పక్కనే నెట్ కేబుల్ పట్టే చోటు, కనీసం రెండు మూడు మామూలు యూఎస్‌బీలు ఉండాలి. ఇవన్నీ ఉంటేనే అది డాక్ ఉన్న మానిటర్. లేకపోతే టైప్-సి ఉన్న మామూలు మానిటరే.

ల్యాప్‌టాప్ తీసుకుపోకపోయినా చార్జర్ మాత్రం జేబులో వేసుకుపోండి. దాని మీద చీమ తలకాయంత అక్షరాల్లో ‘అవుట్‌పుట్’ అని ఉంటుంది. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణించండి, 65 వాట్లు. 4.5 ఆంపియర్లుంటే 90. గేమింగ్ ల్యాప్‌టాప్ చార్జర్ల మీద ఈ లెక్క 180 దాటిపోతుంది. వాటికి ఈ మానిటర్ల చార్జింగ్ చాలదు. ఆట ఆడుతుంటే చార్జింగ్ ఎక్కకపోగా బ్యాటరీ తగ్గిపోతూ ఉంటుంది. అలాంటివాళ్లు డాక్ కోసం అదనంగా డబ్బు పెట్టొద్దు.

4కే కోసం పట్టుబట్టకండి. టైప్-సి వైరులో వేగంగా డేటా పోయే దారులు నాలుగే. బొమ్మ రెండు దారులు తీసుకుంటే, మిగతా రెండు యూఎస్‌బీకి దక్కుతాయి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 వరకే పనిచేసే పాత ల్యాప్‌టాప్‌కి 4కే తగిలిస్తే రెండు దారులు చాలవు. తెర సెకనుకు 30 సార్లే మారుతుంది, మౌస్ బాణం ఈడ్చుకుంటూ పోతున్నట్టుంటుంది. నాలుగు దారులూ బొమ్మకే ఇచ్చేస్తే 60 వస్తుంది కానీ, యూఎస్‌బీ పాత 2.0 వేగానికి పడిపోతుంది, దాంతో నెట్ కూడా నెమ్మదిస్తుంది. 1.4 ఉన్న ల్యాప్‌టాప్‌కి ఈ బాధ లేదు. మిగతావాళ్లకి 27 అంగుళాల్లో 2560×1440 చాలు, రెండు దారుల్లోనే హాయిగా సర్దుకుంటుంది. అదే 27 అంగుళాల్లో 1920×1080 మాత్రం వద్దు. అంగుళానికి 82 చుక్కలే వస్తాయి, 1440లో అయితే 109. తేడా తెలియాలంటే ఏదైనా తెలుగు పత్రిక వెబ్‌సైట్ తెరిచి, అక్షరాలు పెంచకుండా ‘రాష్ట్రం’ అన్న మాట చదవండి. కింద ట వత్తు, దాన్ని ఆనుకున్న క్రారవడి విడివిడిగా కనిపించాలి. మసక ముద్దలా ఉంటే మీ కళ్లకి ఆ తెర పనికిరాదు. తెర వైపు చూడాల్సింది ఈ ఒక్క పరీక్షకే.

పెట్టెలో వచ్చిన వైరునే వాడండి, అది పొట్టిగా ఉన్నా సరే. బల్లనే దగ్గరికి జరుపుకోండి. ఫోన్ చార్జింగ్ వైర్లు చాలావాటిలో బొమ్మ మోసే తీగలే ఉండవు. చార్జింగ్ ఎక్కుతుంది, తెర నల్లగా ఉండిపోతుంది, మానిటర్ పాడయిందని కంగారు పడతారు. పైగా 60 వాట్లు దాటాలంటే వైరు కొసలో చిన్న చిప్ ఉండాలి.

వైర్‌లెస్ మౌస్ బుడిపెని మానిటర్ వెనక దాచొద్దు. వేగంగా పనిచేసే యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి వచ్చే గోల 2.4 గిగాహెర్ట్జ్ రేడియోని చెడగొడుతుంది, మౌస్ ఆగి ఆగి కదులుతుంది. ముందుకో పక్కకో ఉన్న పోర్టులో పెట్టుకోండి, చూడ్డానికి బాగోకపోయినా సరే.

ఒకే బల్ల మీద ఇద్దరు పనిచేసే ఇంట్లో కేవీఎం ఉన్నదే తీసుకోండి, దానికోసం తెర సైజు తగ్గించుకోవాల్సి వచ్చినా తగ్గించుకోండి. పగలు ఆఫీసు ల్యాప్‌టాప్, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన పిల్లల డెస్క్‌టాప్. కీబోర్డూ మౌసూ ఒక్క జతే, బటన్ నొక్కితే అటూ ఇటూ మారిపోతాయి. పాత డెస్క్‌టాప్‌కి టైప్-సి లేకపోయినా ఫర్వాలేదు. బొమ్మకి హెచ్‌డీఎంఐ, కీబోర్డుకి ప్రింటర్ వెనక గుచ్చే చదరపు పిన్ను వైరు పెడితే పనైపోతుంది. రెండో మానిటర్ కూడా గొలుసులా తగిలిద్దామనుకునే మ్యాక్‌వాళ్లు మాత్రం ఆగండి. ఎం1, ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లు బయటి తెర ఒక్కదానికే బొమ్మ ఇస్తాయి.

మానిటర్ కంటే ముందు యూపీఎస్ కొనండి. ఈ మాటకి ఎవరూ ఒప్పుకోరు, నేను మాత్రం గట్టిగా చెబుతాను. విడి వైర్ల కాలంలో కరెంటు పోతే తెర ఒక్కటే ఆరిపోయేది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద మీటింగ్ నడిచేది. ఇప్పుడు నెట్, కీబోర్డు, మైకు అన్నీ మానిటర్‌లోంచే పోతాయి కాబట్టి దానితోపాటే అన్నీ పోతాయి. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి శివార్లలో కరెంటు పోతే, మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలోనే మాయమవుతాడు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకు మోస్తుంది. చార్జింగ్‌తో సహా మానిటర్‌కి వంద చిల్లర, రౌటర్‌కి పదో పరకో పోయినా ఇంకా మిగులే. లేచి ఇన్వర్టర్ లైను వెతుక్కునే లోపు మీటింగ్ తెగకుండా కాపాడేది అదే.

డబ్బు కట్టేముందు బిల్లులో మోడల్ పేరు చివరి అక్షరం దాకా చదవండి. డెల్‌లో పీ2422హెచ్, పీ2422హెచ్‌ఈ ముందు నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. టైప్-సి, నెట్ పోర్టు ఉండేది ‘ఈ’ ఉన్నదానిలోనే. పెట్టె మీదా, బిల్లు మీదా రెండుచోట్లా ఆ అక్షరం ఉంటేనే కార్డు తీయండి.